సమ్మె కథలో ప్రయాణికుడు ఎక్కడ?

2019 అక్టోబరు, నవంబరు నెలల్లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు చేసిన సమ్మె మీద వచ్చిన కథల్ని ఒక సంకలనంగా వేద్దామని మా జిల్లా శాఖ మిత్రులు సంకల్పించారు. పత్రికల్లో అచ్చయినవీ, రాతప్రతులుగా వున్నవీ కలిపి పదకొండు కథలు ఏరారు. తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణనీ, ఇరవయ్యేళ్లుగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నవాణ్ణనీ, సమ్మె నాటికి రోజూ పల్లెవెలుగు బస్సులో బడికి పోయేవాణ్ణనీ నన్ను ముందుమాట రాయమన్నారు. కథలన్నీ రెండుసార్లు చదివాను. ముందుమాట రాయలేకపోయాను. ఎందుకు రాయలేకపోయానో సమావేశంలో చెప్పాను. వాళ్లకు నచ్చలేదు. నోటిమాటలో కోపతాపాలు కలుస్తాయి, కాగితం మీద పెట్టమన్నారు. ఆ పనే ఇప్పుడు చేస్తున్నాను.

సమ్మె వివరాలు మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు మాటలు. అక్టోబరు 5న సమ్మె మొదలైంది. మర్నాడు సద్దుల బతుకమ్మ, మరి రెండు రోజులకు దసరా. సుమారు 48 వేలమంది కార్మికులు, 26 డిమాండ్లు. అందులో మొదటిది సంస్థను ప్రభుత్వంలో విలీనం చెయ్యాలన్నది. గడువులోగా పనిలో చేరనివాళ్లు తమను తామే తొలగించుకున్నట్టని ప్రభుత్వం ప్రకటించింది. సెప్టెంబరు జీతాలు అందలేదు. ఖమ్మంలో ఒక డ్రైవరు ఒంటికి నిప్పంటించుకుని చనిపోయాడు. అక్టోబరు 19న రాష్ట్ర బంద్ జరిగింది. నవంబరు 2న 5,100 రూట్లను ప్రైవేటుకు అప్పగించాలని మంత్రివర్గం తీర్మానించింది. 52 రోజుల తర్వాత, నవంబరు 25న కార్మికసంఘాల జేఏసీ సమ్మె విరమించింది. ఆ తర్వాత కూడా కొన్ని రోజులు కార్మికులు డిపో గేట్ల ముందు నిలబడవలసి వచ్చింది. విలీనం రాలేదు. డిసెంబరులో కిలోమీటరుకు 20 పైసల చొప్పున ఛార్జీ పెరిగింది.

ఇది కథావస్తువు కాదనేవాడెవడూ వుండడు. పదకొండు కథల్లో తొమ్మిదింటికి డ్రైవరో కండక్టరో నాయకుడు. ఒకటి డ్రైవరు భార్య చెప్పిన కథ. పండుగ పూట పొయ్యి వెలగని ఇల్లు, పిల్లల ఫీజు కట్టమని బడినుంచి కబురు, తాకట్టుకు పోయిన పుస్తెలు, టీవీలో హెచ్చరికలు, డిపో ముందు టెంటు – ఇవన్నీ వున్నాయి. ఇవన్నీ నిజమే. రెండు కథలు చదివినప్పుడు నాకు కన్నీళ్లొచ్చాయని చెప్పుకోవడానికి సిగ్గుపడను. అయితే చదువుతున్నకొద్దీ ఒక వింత సంగతి తట్టింది. ఈ కథల్లో బస్సులున్నాయి, డిపోలున్నాయి, స్టీరింగులున్నాయి, టిమ్ములున్నాయి. ప్రయాణికుడు లేడు. ఎవరిని మోయడానికి ఈ సంస్థ పుట్టిందో ఆ మనిషి లేడు!

అసలు లేడంటే అన్యాయం. 'ప్రజలు' అనే మాటగా వున్నాడు. 'ప్రజలు మద్దతు పలికారు', 'ప్రజలు అర్థం చేసుకున్నారు' అని వాక్యాలున్నాయి. ఒక్క కథలో మాత్రం పేరూ ఊరూ వున్న ప్రయాణికుడున్నాడు. ఆయన రెవెన్యూ ఆఫీసు గుమాస్తా. బస్టాండులో నిలబడి సమ్మెవాళ్లను తిడతాడు. ఆఖరి పేజీలో కార్మికుడి కూతురు రెండు మాటలనేసరికి తలదించుకుంటాడు. రచయిత ఈ గుమాస్తాకు నోరిచ్చాడు గాని వాదం ఇవ్వలేదు. అతను ఎందుకు చిరాకు పడుతున్నాడో రచయితకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఓడిపోవడానికే పుట్టిన పాత్ర అది. అటువంటి పాత్రను ఓడించి మనం గెలిచేదేముంది?

నేను చూసిన ప్రయాణికుల్లో ఒకరి గురించి చెబుతాను. సమ్మె కారణంగా ఆ ఏడు దసరా సెలవుల్ని అక్టోబరు 19 దాకా పొడిగించారు. (కార్మికుడికి సెప్టెంబరు జీతం రాలేదు. ఇంట్లో కూచున్న నాకు జీతం వచ్చింది. ఈ సంగతి ఏ కథలోనూ లేదు, వుండవలసింది.) బడి తెరిచిన వారంలోనే ఒక సాయంత్రం తాత్కాలిక డ్రైవరు నడుపుతున్న బస్సెక్కాను. కండక్టరు కుర్రవాడి దగ్గర టికెట్ల యంత్రం లేదు. నోటికొచ్చింది అడిగి తీసుకుంటున్నాడు. నా పక్కన కూరగాయల గంప కాళ్ల దగ్గర పెట్టుకుని ఒక ముసలమ్మ కూర్చుంది. ప్రగతిశీల భావాలున్నవాణ్ణి కదా, సమ్మె న్యాయం గురించి ఆమెకు రెండు మాటలు చెప్పబోయాను. ఆమె విన్నది. విని, 'సారూ, మా ఊరి బస్సు బందువెట్టి నాలుగేండ్లాయె. గప్పుడు ఎవ్వలు సమ్మె జెయ్యకపోతిరి' అన్నది.

నాకు జవాబు లేదు. ఈ పదకొండు కథలకూ లేదు.

మన మిత్రుల్లో కొందరికి ఈ ముసలమ్మ మాట 'వెనకబడిన చైతన్యం'గా కనిపించవచ్చు. సమావేశంలో ఒకరు సరిగ్గా ఆ మాటే అన్నారు. నాకు అలా కనిపించడం లేదు. ఆమె సంస్థ చరిత్ర చెప్పింది. 1932లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో మొదలుపెట్టిన పని ఇది. 1958లో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ అయింది. నిండితే తప్ప కదలని ప్రైవేటు బస్సుల కాలం ఎరిగినవాళ్లకు, పదిమంది వున్నా వేళకు కదిలే ఎర్రబస్సు ఎంత గొప్పదో తెలుసు. ఊరికి బస్సొచ్చిందంటే హైస్కూలు వచ్చినట్టు, ఆస్పత్రి వచ్చినట్టు. అటువంటి బస్సు ఆ ముసలమ్మ ఊరినుంచి ఎట్లా పోయింది? ఒక్కరోజున పోలేదు. రాత్రి ఊళ్లో నిలిచే 'నైట్ హాల్టు' ముందు పోయింది. తర్వాత మధ్యాహ్నం ట్రిప్పు పోయింది. ఆ ఖాళీలోకి ఏడుగురు ఎక్కే ఆటో వచ్చింది. బస్సులో జనం తగ్గారు. జనం తగ్గారని మిగిలిన ట్రిప్పు తీసేశారు. నష్టాలొచ్చే రూటన్నారు. ఇదంతా జరిగిన రోజున ఏ మంత్రివర్గమూ తీర్మానం చెయ్యలేదు. పత్రికల్లో రాలేదు. టెంటు వెయ్యలేదు. ఊరి సర్పంచి డిపో మేనేజరుకు ఒక అర్జీ ఇచ్చి వచ్చి వుంటాడు, అంతే.

2019 నవంబరులో 5,100 రూట్లు అనేసరికి మనకు ప్రైవేటీకరణ కనిపించింది. ఆ ముసలమ్మకు అప్పటికే నాలుగేళ్లు ముందు కనిపించింది. ఎవరి చైతన్యం వెనకబడినట్టు?

ఇక్కడ ఒక చిక్కు వుంది. బస్సు ఆపకుండా పోయిన డ్రైవరును ముసలమ్మ తిడుతుంది. డ్రైవరుకు డిపోలో లెక్క వేరు. లీటరు డీజిలుకు ఇన్ని కిలోమీటర్లు రావాలని అతనికి లెక్క. బండి ఆపి మళ్లీ ఎత్తినప్పుడల్లా ఆ లెక్క తగ్గుతుంది. బస్సులో ఇంత శాతం సీట్లు నిండాలని కండక్టరుకు లెక్క. తగ్గితే సంజాయిషీ. ఒకరు ఆపితే తప్పు, ఇంకొకరు ఆపకపోతే తప్పు. ఈ ఇద్దరి మధ్యా, వాళ్లిద్దరికీ ముసలమ్మకూ మధ్యా డిపో పెట్టిన తగువు అది. పల్లెవెలుగు బస్సు మీద 'చెయ్యి ఎత్తిన చోట బస్సు ఆపబడును' అని రాసి వుంటుంది. నేను తొమ్మిదో తరగతి పిల్లలకు కర్మణి ప్రయోగం చెప్పేటప్పుడు ఈ వాక్యమే ఉదాహరణగా ఇస్తాను. కర్త ఎవరురా అని అడుగుతాను. ఒకడు డ్రైవరంటాడు, ఒకడు ఆర్టీసీ అంటాడు, వెనక బెంచీవాడు ఎవరూ లేరంటాడు. వెనక బెంచీవాడికే మార్కులు.

వ్యాకరణం ఎత్తాను కాబట్టి ఇంకొక మాట. సమ్మెలో ప్రభుత్వం వాడిన 'సెల్ఫ్ డిస్మిస్' అన్న మాటను మన కథకులందరూ ఎగతాళి చేశారు, ఒక్కరూ విప్పి చూడలేదు. తెలుగులో 'కొను' చేరితే క్రియ ఫలం కర్తకే చెందుతుంది. వండుకున్నాడు, కట్టుకున్నాడు, తీసేసుకున్నాడు. మేము వాళ్లను తీసెయ్యలేదు, వాళ్లే తమను తీసేసుకున్నారు – ఇది ఆ ప్రకటన సారం. తొలగించే చెయ్యి కనిపించకుండా క్రియను కార్మికుడి మీదికే తిప్పిన వాక్యం. బస్సు మీది రాతలో కర్త మాయమయ్యాడు, ఇక్కడ బాధితుడే కర్త అయ్యాడు. 'నష్టాలు' అన్న మాటా అటువంటిదే. హైస్కూలుకు నష్టం వచ్చిందని ఎవరూ అనరు, పోలీసు ఠాణా నష్టాల్లో వుందని ఎవరూ అనరు. బస్సు దగ్గరికి వచ్చేసరికి ఆ మాట ఎక్కడినుంచి వచ్చింది, ఎప్పుడు వచ్చింది? మన పదకొండు కథల్లో ఆరింటిలో కార్మికులే 'సంస్థ నష్టాలకు మేం కారణం కాదు' అని వాదిస్తారు. అంటే అవతలివాడి మాటను ఒప్పుకుని, నేరం మాత్రం కాదంటున్నారు. ముసలమ్మ ఊరికి బస్సు తిప్పితే వచ్చేది నష్టమేనా అని ఒక్క పాత్రా అడగలేదు. మాటల పని తెలిసినవాళ్లం మనం. ఆ మాత్రం అడగనక్కర్లేదా?

ఈ లోపం ఇవాళ్టిది కాదు. మన సాహిత్యంలో ప్రజాసేవ చేసే ఉద్యోగి చాలాకాలంగా వున్నాడు. ఆత్రేయ 'ఎన్.జి.ఓ.' నాటకం ఒక తరాన్ని కదిలించింది. చాలీచాలని జీతంతో గుమాస్తా సంసారం ఎట్లా కుంగిపోతుందో రంగస్థలం మీద చూసి ప్రేక్షకులు కంటతడి పెట్టారు. తిలక్ 'తపాలా బంట్రోతు' కవిత కూడా అందరికీ తెలిసిందే. ఇంటింటికీ సుఖదుఃఖాలు మోసుకుపోయే మనిషికి సొంత సుఖదుఃఖాలుంటాయని ఆ కవిత గుర్తు చేసింది. ఇవి రెండూ ఉద్యోగిని కౌంటరు వెనకనుంచి, ఇంకా చెప్పాలంటే అతని ఇంట్లోనుంచి చూపించాయి. రెండోవైపు రావిశాస్త్రి వున్నాడు. 'ఆరు సారా కథలు'లో పోలీసూ కోర్టూ వకీలూ అంతా బీదవాడి వైపునుంచే కనిపిస్తారు. వాడికి ప్రభుత్వమంటే లంచం తీసుకునే చెయ్యి, లాఠీ పట్టిన చెయ్యి. ఆ ఆగ్రహం మన గద్యానికి కొత్త పదును పెట్టింది.

రెండు పాయలూ గొప్పవే. కాని అవి కలవలేదు. ఎన్.జి.ఓ.గారు పొద్దున్న ఇంట్లో కష్టపడి పదిగంటలకు ఆఫీసుకు వెళ్లిన తర్వాత, కిటికీ అవతల నిలబడ్డ రైతుతో ఏం మాట్లాడాడు? ఆ రైతు ఎన్నిసార్లు తిరిగాడు? నాటకంలో గుమాస్తా కోసం ఏడ్చిన ప్రేక్షకుడే మర్నాడు అదే ఆఫీసుకు పోయి ఇంకో గుమాస్తాను తిట్టుకుంటూ బయటికి వచ్చి వుంటాడు. ఈ రెండు అనుభవాలూ ఒకే మనిషివి. మనం రెండు వేరు వేరు పుస్తకాలుగా కుట్టాం. ప్రైవేటీకరణ ఎప్పుడు వచ్చినా ఈ రెండు పుస్తకాల మధ్య ఖాళీలోంచే వచ్చింది. 'మీరు వాళ్లతో విసిగిపోయారు కదా' అని జనంతోనూ, 'జనం మీతో విసిగిపోయారు' అని ఉద్యోగులతోనూ ఒకే నోటితో చెప్పగలిగింది.

విద్యుత్తు విషయంలో ఏమైందో చూడండి. 1998లో సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డును విడదీశారు. బోర్డు ఉద్యోగులు వ్యతిరేకించారు. అప్పుడు వినియోగదారుడు పెద్దగా పలకలేదు. లైన్‌మన్ పిలిస్తే రాడు, ఫ్యూజు పోతే దిక్కులేదు, బోర్డు పోతే మనకేం అనుకున్నాడు. 2000లో ఛార్జీలు పెరిగేసరికి జనం రోడ్డెక్కారు. ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి. మొదటి పోరాటం ఉద్యోగిది, రెండోది వినియోగదారుడిది. మధ్యలో ఏడాదిన్నర. ఆ ఏడాదిన్నర మీద మనకు కథ లేదు. కాల్పుల మీద కవితలు మాత్రం వున్నాయి.

దీనికి భిన్నమైన సందర్భం కూడా మనం చూశాం. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది. అప్పుడూ బస్సులు ఆగాయి. అప్పుడూ దసరా వచ్చింది. బడులు కూడా మూతపడ్డాయి, నేనూ సమ్మెలో వున్నాను. మా ఊరి తల్లిదండ్రులు నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోగా రోడ్డు మీద వంటావార్పుకు బియ్యం తెచ్చి ఇచ్చారు. పిల్లల చదువు పోలేదా? పోయింది. ముసలివాళ్లు ఆస్పత్రికి పోలేక అవస్థపడలేదా? పడ్డారు. అయినా అది వాళ్ల సమ్మె. పేరులోనే వుంది, సకల జనులది. ఎనిమిదేళ్ల తర్వాత అదే బస్టాండులో అదే జనం, అదే కార్మికులు. మొదటి వారం రోజుల్లో నేను విన్న మాటలు వేరు. 'వీళ్లకు 2015లో ఎనిమిది రోజులు సమ్మె చేస్తే 44 శాతం ఇచ్చిండ్రు గదా, ఇంకేం గావాలె' అన్నవాడు సమ్మె వ్యతిరేకి కాదు, 2011లో నా పక్కన రోడ్డు మీద కూచున్నవాడే. ఈ ఎనిమిదేళ్లలో అతనికీ కార్మికుడికీ మధ్య ఏం తెగింది? 2019లో కూడా రోజులు గడిచేకొద్దీ జనం మనసు కదిలింది. బంద్ నాటికి బస్టాండులో మాటలు మారాయి. ఎట్లా మారాయి? ఎవరు ముందు మారారు? కథకు కావలసిన వస్తువంతా ఇక్కడుంది. మన కథకులు మొదటిరోజునే జనం చేత మద్దతు పలికించి ఆ వస్తువును పారేసుకున్నారు.

'ప్రయాణికుడి చిరాకును కథలో పెడితే ప్రభుత్వం చేతికి ఆయుధం ఇచ్చినట్టే' అని మిత్రుల ఆక్షేపణ. ఆ ఆయుధం ప్రభుత్వం చేతిలో అప్పటికే వుంది. పండుగపూట జనాన్ని ఇబ్బంది పెట్టారనే కదా మొదటి రోజునుంచీ అన్నది. మన కథలో రాయనంత మాత్రాన ఆ చిరాకు బస్టాండులో లేకుండా పోతుందా? దాచినకొద్దీ అవతలివాడికే సొంతమవుతుంది. కాళీపట్నం రామారావుగారి 'యజ్ఞం'ను ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అప్పిచ్చిన గోపన్న అందులో రాక్షసుడు కాదు. అతనూ చితికినవాడే, తన సొమ్ము తనకు రావాలనడంలో న్యాయం వుందని పాఠకుడికీ అనిపిస్తుంది. అప్పలరాముడికి తీర్చే దారి లేదన్నదీ అంతే నిజం. రెండు న్యాయాలు ఎదురెదురుగా నిలబడేసరికి, ఆ ఇద్దర్నీ అట్లా నిలబెట్టిన వ్యవస్థ మీదికి మన చూపు పోతుంది. గోపన్నను దుర్మార్గుణ్ణి చేసి వుంటే అది ఒక అప్పు తగాదా కథ అయ్యేది. అర్ధశతాబ్దం పైగా చర్చించుకునే కథ అయ్యేది కాదు. (ఆయన కూడా బడిపంతులే. ఈ మాట మా వృత్తి గొప్పకోసం చెప్పడం లేదు, కొంత దానికోసమూ చెబుతున్నాను.)

ఇప్పుడు నా సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం దొంగ వ్యాసం అవుతుంది. మా బడిలో సమ్మె నాటికి హిందీ పండితుడి పోస్టు ఖాళీ, లెక్కల మేష్టారు డిప్యుటేషన్ మీద వేరే బడికి పోయాడు. పిల్లలు ఏటా తగ్గుతున్నారు. ఊళ్లోకి పొద్దున్నే మూడు పసుపుపచ్చ బస్సులు వచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోతాయి. ఆటో నడిపే ఒక తండ్రి తన కూతురికి టీసీ ఇవ్వమని వచ్చాడు. బాగా చదివే పిల్ల. వద్దయ్యా, పదో తరగతి దాకా వుంచు, నేను చూసుకుంటాను అన్నాను. 'సారూ, మీ బాబు ఏ బడిల చదువుతుండు?' అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు, మామూలుగానే అడిగాడు. మావాడు అప్పటికి అయిదో తరగతి, పట్నంలో ప్రైవేటు బడిలో. టీసీ రాసిచ్చాను.

నా విద్యార్థులు చాలామంది ఎక్కే రూటులో పన్నెండేళ్లుగా పనిచేసిన కండక్టరు ఒకాయన నాకు మంచి మిత్రుడు. నన్ను అన్నా అంటాడు. సమ్మె టెంటులో ఆయన పక్కన రెండు సాయంత్రాలు కూర్చున్నాను. ఆయన పిల్లలిద్దరూ ప్రైవేటు బడిలోనే. బిడ్డకు జ్వరమొస్తే ప్రైవేటు నర్సింగ్ హోముకే పోతాడు. సర్కారు దవాఖానాలో పనిచేసే నర్సమ్మ కూడా తన పిల్లల్ని నా బడికి పంపదు. నేను 2020లో మోటారు సైకిలు కొన్నాను, అంతటితో ఆయన బస్సు ఎక్కడం మానేశాను. మేం ముగ్గురం ప్రైవేటీకరణను వ్యతిరేకించే సభల్లో ఒకే వరసలో కూర్చుంటాం. ఇది మా నీతి లోపమని చెప్పుకుని ఊరుకుంటే తేలిక. హిందీ పంతులు లేని బడికి కొడుకును పంపమని నా భార్యకు నేను చెప్పలేకపోయాను, ఇప్పుడైనా చెప్పగలనని అనుకోను. కాని మేం ఒకరి సేవను ఒకరం వదిలిపెట్టిన క్రమం ఒకటుంది కదా. ఆ క్రమం కథల్లో ఎందుకు లేదు? డ్రైవరు పిల్లల ఫీజు కట్టమని బడినుంచి కబురొచ్చే సన్నివేశం నాలుగు కథల్లో వుంది. అది ప్రైవేటు బడి అని నాలుగు కథల్లోనూ తెలుస్తూనే వుంది. ఒక్క రచయితా ఆ ఫీజు దగ్గర ఆగలేదు. జాలి కోసం వాడుకుని ముందుకు పోయారు.

పదకొండింటిలో ఒక కథ వేరుగా వుంది. రాసినామెకు ఇది రెండోదో మూడోదో కథ. రాతప్రతిలో వర్ణక్రమ దోషాలు చాలా వున్నాయి. సమ్మె మూడోవారంలో ఒక మహిళా కండక్టరు కొడుకును పెద్దాస్పత్రికి తీసుకుపోవాలి. ఆటోకు డబ్బుల్లేవు. తాత్కాలిక సిబ్బంది నడుపుతున్న బస్సు ఎక్కుతుంది. అంటే తన సమ్మెను తానే తొక్కుకుంటూ ఎక్కుతుంది. లోపల టికెట్లు లేకుండా డబ్బులు తీసుకుంటున్నవాడు ఆమె వీధిలో డిగ్రీ చదివి ఖాళీగా వున్న కుర్రవాడు. అతను ఆమెను గుర్తుపట్టి డబ్బు వద్దంటాడు. ఆమె ఇస్తానంటుంది. బస్సు కిక్కిరిసి వుంది. ఎవరో ముసలాయన మెట్టు మీదినుంచి జారబోతే, ఆమె అలవాటుకొద్దీ 'లోపలికి జరగండి, లోపలికి' అని అరుస్తుంది. జనం జరుగుతారు! ఆ ఒక్క అరుపుతో అందులో కండక్టరెవరో బస్సంతటికీ తెలిసిపోతుంది. వెనకనుంచి ఒకావిడ, 'నువ్వు ఆ బస్సుల ఉన్నప్పుడు మా వూరికాడ ఎన్నడు ఆపినవమ్మా?' అని అడుగుతుంది. కండక్టరు జవాబు చెప్పబోయి, కొడుకు వాంతి చేసుకుంటే అటు తిరుగుతుంది.

అక్కడ కథ అయిపోయింది. నా లెక్కన ఈ సంకలనానికి ఆ పేజీ చాలు. కాని రచయిత్రి ఇంకొక పేజీ రాసింది. బస్సు దిగిన కండక్టరు డిపో ముందు ఊరేగింపులో కలుస్తుంది, తాత్కాలిక కుర్రవాడు డబ్బు సంచి పారేసి వెంట వస్తాడు, ప్రశ్న అడిగిన ఆవిడ కూడా పిడికిలి ఎత్తుతుంది. ఆ పేజీ తీసెయ్యమని నేనన్నాను. తీసేస్తే కథకు దృక్పథం పోతుందని మిత్రులన్నారు. ఉద్యోగం లేని ఆ కుర్రవాడు డబ్బు సంచి పారేసి ఇంటికి ఏం పట్టుకుపోతాడో ఆ పేజీకి తెలియదు. ముందరి పేజీకి తెలుసు. దృక్పథం ఏ పేజీలో వుందన్నదే నాకూ మిత్రులకూ తగువు.

ఈ తగువు పాతబడిన సమ్మె గురించి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగుల్ని ప్రభుత్వంలోకి తీసుకున్నారు. తెలంగాణలోనూ 2023 ఆగస్టులో శాసనసభ అందుకు బిల్లు ఆమోదించింది. విలీనం అన్న డిమాండుకు ఏదో ఒక రూపంలో గుర్తింపు వచ్చింది. దాంతోపాటే అద్దె బస్సులున్నాయి. బండి యజమానిది, డ్రైవరు యజమాని మనిషి, కండక్టరు మాత్రం సంస్థ మనిషి. కొత్తగా వచ్చిన ఎలక్ట్రిక్ బస్సులు చాలావరకు కంపెనీవి, డ్రైవరు కంపెనీ జీతగాడు, సంస్థ కిలోమీటరుకు ఇంత అని కడుతుంది. రంగు ఒకటే, పేరు ఒకటే. స్టీరింగు దగ్గర కూచున్నవాడికి సమ్మె హక్కు ఎవరితో పెట్టుకోవాలో తెలియదు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైంది. బస్సులు నిండిపోయాయి. తీసేసిన ట్రిప్పులన్నీ వెంటనే తిరిగి రాలేదు. 'ఉత్త పుణ్యానికి తిరుగుతున్నరు' అని టికెట్టు కొన్న మగవాడు ఆడవాళ్లను అంటాడు. సున్నా టికెట్లు కొట్టి కొట్టి చేతులు పడిపోయిన కండక్టరు విసుక్కుంటాడు. ఆవిడ కండక్టరును తిడుతుంది. మళ్లీ అదే బస్సు, అదే మెట్టు, ఇటూ అటూ మనవాళ్లే. ఈ విషయం మీద నేను ఇంతవరకూ చూసినవి హాస్య కథలు, ఆడవాళ్ల మీద వేసిన జోకులు. మన సంఘం రచయితలు ఇంకా ముట్టుకోలేదు.

సంకలనం త్వరలో వస్తుంది. ముందుమాట వేరే మిత్రుడు రాస్తున్నాడు, బాగా రాస్తాడు. ఆ ఆఖరి పేజీ అచ్చులో వుంటుందా వుండదా అన్నది రచయిత్రి ఇష్టానికే వదిలేశారు. మొన్న ఆవిడ ఫోను చేసింది. ఆ పేజీ సంగతి ఎత్తలేదు. సున్నా టికెట్టు మీద ఒక కథ మొదలుపెట్టానని, కూరగాయల ముసలమ్మ గురించి మేష్టారు సమావేశంలో చెప్పారట, ఆమె ఊరేదని అడిగింది. చెప్పాను. ఎట్లా వెళ్లాలని అడిగింది. మండల కేంద్రం దాకా పల్లెవెలుగు వుంది, అక్కడినుంచి ఆటో, ఏడుగురు నిండేదాకా కూచోవాలని చెప్పాను.